రాతికి స్నానం చేయించినవాళ్ళం

మేము ఇంకా ఒక జాతిగా తయారు కాలేదని నాకు మొదటిసారి చెప్పిన పెద్దమనిషి మా దగ్గర నాలుగు రోజులున్నాడు. నాలుగో రోజు మధ్యాహ్నానికల్లా ఆయనకు మా గురించి అంతా తెలిసిపోయింది. అక్కడే పుట్టి అక్కడే తల నెరిసిన నాకు ఇప్పటికీ తెలియని సంగతులు కూడా ఆయనకు తెలిసిపోయాయి. అలాంటి మేధావులంటే నాకు ఆ నాలుగు రోజుల్లోనే ఏవగింపు పుట్టిందని చెప్పుకుంటే బాగుంటుంది గానీ, అది పచ్చి అబద్ధం. ఆ నాలుగు రోజులూ నేను ఆయన వెనకాల గంగిరెద్దులా తల ఊపుకుంటూ తిరిగాను. ఏవగింపు పుట్టడానికి ఇంకా రెండేళ్ళు పట్టింది. అప్పటికి అది ఎవరికీ పనికిరాకుండా పోయింది.

మద్రాసు రాజధాని రోజులవి. మా మార్కాపురం తాలూకా అప్పట్లో కర్నూలు జిల్లాలో ఉండేది. మా పల్లె పలకరాయి క్వారీలను ఆనుకుని ఉంటుంది. ఎక్కడెక్కడి పిల్లలో మా వాళ్ళు చీల్చిన రాయి మీద అక్షరాలు దిద్దుకునేవాళ్ళు. చీల్చినవాళ్ళలో మాత్రం తమ పేరు తాము రాయగలిగినవాళ్ళు అరుదు. మా పేటంతా క్రైస్తవులం, తాతల నాడు మిషన్‌లో కలిసినవాళ్ళం. భూములు ఊళ్ళో రైతులవి. వానలు పడితే మా వాళ్ళు ఆ చేలల్లో కూలికి పోయేవాళ్ళు, పడకపోతే క్వారీలో దిగేవాళ్ళు. మా వైపు వానల సంగతి తెలిసినవాళ్ళకు మా వాళ్ళు ఏడాదిలో ఎక్కువ రోజులు ఎక్కడ గడిపేవాళ్ళో చెప్పనక్కర్లేదు.

మా నాయన రాయి చీల్చే మేస్త్రీ. పలకరాయికి ఒక గుణం ఉంది. గుంతలోంచి తీసినప్పుడు అది లోపలి తేమతో పచ్చిగా ఉంటుంది. ఆ పచ్చిదనం ఉన్నంతసేపే, ఉలి ఆనించి సుత్తితో తడితే పొరలు పొరలుగా విడిపోతుంది. ఎండకు ఆరిందంటే ఇక అది పలక కాదు, పెంకులు. అందుకని తీసిన బండను నీడకు చేర్చి, తడి గోనె కప్పి, పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి నీళ్ళు పోస్తారు. చీల్చే ముందు మేస్త్రీ గోనె తొలగించి, మూడు చోట్ల మెల్లగా తట్టి, చెవి దగ్గర పెట్టి వింటాడు. లోపల పగులుంటే మోత చచ్చుగా వస్తుంది. ఆయన వింటున్నంతసేపూ చుట్టుపక్కల ఎవరూ నోరు మెదపరు. ఇంతే. ఇందులో దేవుడూ లేడు, దయ్యమూ లేదు.

ఆ నీళ్ళు మోసేది ఆడవాళ్ళు. బావి ఒక రైతుది. మా వాళ్ళు దాన్ని ముట్టుకోకూడదు. రైతు మనిషి వచ్చి తోడిపోసేదాకా కడవలు కింద పెట్టుకుని దూరంగా నిలబడాలి. ఇంటికొక రోజు చొప్పున వంతు ఉండేది. ఎవరింట్లో జబ్బు పడినా, కాన్పు అయినా, వాళ్ళ వంతు పక్కింటివాళ్ళు మోసేవాళ్ళు, అడగనక్కర్లేదు, చెప్పనక్కర్లేదు. కరువు ఏళ్ళలో తలంటు స్నానాలు మానుకున్నారు గానీ రాతికి నీళ్ళు పోయడం మానలేదు. క్వారీలో దెబ్బ తగిలి మంచం పట్టినవాడి ఇంటివాళ్ళ కోసం రోజూ ఒక బండ చీల్చి పక్కన పెట్టేవాళ్ళు. ఈ ఏర్పాటుకంతా వాళ్ళు ఏ పేరూ పెట్టుకోలేదు. పెట్టుకోవలసింది. పేరు లేనిది పండితుల కంటికి ఆనదని మాకు తెలియదు.

క్వారీ గుత్తదారుడి చేతిలో ఉండేది. కొండవారన కొత్త గుంత ఒకటి సర్కారు గుత్తకు ఇవ్వబోతోందని విని, దాన్ని పేటవాళ్ళందరం కలిసి సంఘంగా తీసుకోవాలని నాయన పట్టుపట్టాడు. మూడేళ్ళు తాలూకా కచేరీ చుట్టూ తిరిగాడు. అర్జీ ఇంగ్లీషులో నేనే రాశాను. "ఇంకొకడు దిగమంటే దిగేది కాదబ్బాయ్, మన గుంతలో మనం దిగాల" అని ఆయన చెప్పిన మాటను ఇంగ్లీషులోకి ఎలా తేవాలో తెలియక వదిలేశాను. చివరికి కచేరీలో ఒక ఉద్యోగి అసలు సంగతి బయటపెట్టాడు. మాలాంటివాళ్ళు సంఘం నడపగలరా అని పైవాళ్ళకు అనుమానమట. మద్రాసు నుంచి ఒక పండితుడు ఈ వైపు పల్లెలను పరిశీలించడానికి వస్తున్నాడు, ఆయన ఒక మంచి మాట రాస్తే మీ పని అయినట్టే అన్నాడు.

నాయన ఆ మాట పట్టుకుని ఇంటికి వచ్చిన రోజు నాకు ఇప్పటికీ గుర్తుంది. మా అమ్మను గోడలు అలకమన్నాడు. పండితుడు మా ఇంటికి వస్తాడని ఆయన నమ్మకం.

నేను అప్పటికి మిషన్ బడిలో పంతులుని. చొక్కా, కోటు, బూట్లు వేసుకునేవాణ్ణి. మా నాయన వెంట్రుకల్లోనూ, చేతి గీతల్లోనూ ఉండే రాతిపొడి అంటే నాకు ఒళ్ళంతా గరగరలాడినట్టు ఉండేది. ఆ పొడి నా చేతుల మీద లేకుండా పోవడానికి ఎంత తోముకున్నానో నాకే తెలుసు. పండితుడికి దుబాసీగా నన్ను కుదిర్చారు. మార్కాపురం రోడ్డు రైలు స్టేషన్‌లో ఆయన్ను దింపుకోవడానికి జట్కా కట్టించుకుని పోయాను.

ఖద్దరు పంచె, ఖద్దరు లాల్చీ, కాళ్ళకు సీమ బూట్లు. తెలుగు ఒక్క ముక్క రాదు. జట్కా ఎక్కిన మరుక్షణం నుంచి మన జాతి, మన జాతి అని ఇంగ్లీషులో మొదలుపెట్టాడు. తెల్లవాళ్ళు మనల్ని చిన్నచూపు చూసి మన గురించి నానా చెత్తా రాశారట. ఇకమీదట మన గురించి మనమే రాసుకోవాలట. నాకు గుండె ఉప్పొంగింది. గిద్దలూరు, బేస్తవారిపేట ముగించుకుని వచ్చానన్నాడు, భోజనం ముగించినట్టు. ఇక్కడి పని అయ్యాక దోర్నాల పోయి అడవిలో చెంచుల ముక్కులు కొలవాలట. ముక్కులెందుకని నేను అడగలేదు. అడిగితే చదువులేనివాణ్ణనుకుంటాడేమోనని భయం.

"నువ్వు ఈ రాళ్ళ పనివాళ్ళ మనిషివా?" అని దారిలో అడిగాడు.

"మిషన్ బడిలో పంతులునండి" అన్నాను. అబద్ధం కాదు. ఆయన నా బూట్లు చూసి తృప్తిపడ్డాడు.

బస రైతు ఇంట్లో. విస్తట్లో నెయ్యి ధారగా పోశారు. గ్రామంలో అన్ని వర్గాలూ సామరస్యంగా ఉన్నాయని ఆ పూటే రాసుకున్నాడు. ఆ ఇంటి వెనకే బావి ఉంది. మా ఆడవాళ్ళు కడవలతో దూరంగా నిలబడి ఉండటం ఆయనకు కిటికీలోంచి కనిపిస్తూనే ఉంది. అదేమిటని అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఆయన దగ్గర ఒక అచ్చు పుస్తకం ఉండేది, అడగవలసిన ప్రశ్నలన్నీ అందులో వరసగా ఉండేవి. రాసింది తెల్లవాడే. తెల్లవాళ్ళు మనల్ని చూసే చూపు తప్పన్న మనిషి, చూడటానికి కళ్ళజోడు మాత్రం వాళ్ళదే తెచ్చుకున్నాడు. ఆ పుస్తకంలో ఒక మెట్ల బొమ్మ ఉండేది. అట్టడుగున అడవి గుంపులు, ఆ పైన కులాలు, ఆ పైన సంఘాలు, అన్నిటికంటే పైన జాతి. ఇంగ్లండు పైమెట్టు మీద ఉందట. మనం పైకి ఎక్కుతున్నామట. ఆయన ఏ మెట్టు మీద ఉన్నాడో ఆయన చెప్పలేదు గానీ, చెప్పే తీరులోనే తెలిసిపోయేది. నేను కూడా ఆయన పక్కన, ఒక మెట్టు కిందగా, కాస్త చోటు చూసుకుని నిలబడ్డాను.

మూడో రోజు క్వారీకి వెళ్ళాం. ముందు మగవాళ్ళను వరసగా నిలబెట్టి ఇనుప కొలబద్దతో ముక్కులూ తలలూ కొలిచాడు. ఆయన అంకెలు చెబుతుంటే నేను రాసుకోవాలి. నాయన వంతు వచ్చింది. ఉదయమే గడ్డం గీయించుకుని, ఆదివారం ప్రార్థనకు వేసుకునే చొక్కా వేసుకుని వచ్చాడు. సంఘం గురించి అడుగుతారని నాలుగు మాటలు సిద్ధం చేసుకున్నాడు కూడా.

"ముక్కు కొలిచి ఏం జేస్తారు సామీ?" అన్నాడు.

పండితుడు ఏమంటున్నాడని అడిగితే, "ఏమీ లేదండి, సంతోషమంటున్నాడు" అన్నాను. నాయన ముక్కు వెడల్పు నా చేతిరాతతోనే కాగితం మీద పెట్టాను.

తరవాత నాయన పనిలోకి దిగాడు. ఒకామె గోనె మీద కడవ వంచింది. నాయన గోనె తీసి, మూడుసార్లు తట్టి, చెవి దగ్గర పెట్టాడు. క్వారీ అంతా నిశ్శబ్దం. పండితుడి ముఖం వెలిగిపోయింది. నాలుగు రోజుల్లో ఆయన ముఖం అంతగా వెలగడం నేను చూడలేదు.

"చూశావా? రాతికి స్నానం చేయించి బట్ట కప్పుతున్నారు. మూడుసార్లు తట్టి లేపుతున్నారు. చర్చికి పోతారు కదా వీళ్ళు?"

"పోతారండి."

"లోపల పాతదే ఉందన్నమాట. ఇది చాలాకాలం నుంచి ఉన్న ఆచారమేనా?"

అప్పుడు నేను రాతి పచ్చిదనం గురించి చెప్పవచ్చు. రెండే రెండు వాక్యాలు. కానీ ఆ రెండు వాక్యాలూ చెప్పాలంటే, ఆ పని చేతులతో చేసినవాడిగా చెప్పాలి. పదేళ్ళ వయసు నుంచి ఆ గోనెలు తడిపినవాడిగా చెప్పాలి. ఆయన అప్పుడు నా చేతులు చూస్తాడు.

"అవునండి. పూర్వం నుంచీ ఉంది. చదువులేని జనం. నేను చాలాసార్లు చెప్పి చూశాను."

"ఆ మేస్త్రీ నీకు తెలుసా?"

"చూసి ఎరుగుదునండి. బడి దారిలోనే కదా."

నాయన పదడుగుల దూరంలో ఉన్నాడు. ఆయనకు ఇంగ్లీషు రాదు. అయినా తల ఎత్తి నా వైపు ఒకసారి చూశాడు, నేను వేరే వైపు చూశాను.

సంఘం గురించి పండితుడు ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ఆయన పుస్తకంలో ఆ ప్రశ్న లేదు. సాయంత్రం ఇంటికి పోతే నాయన అలికిన అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

"రాతికి నీళ్ళు పోస్తావుంటే ఏందో అడిగినాడే, ఏమన్నాడు?"

"పని బాగుందన్నాడు నాయనా."

"అట్లనా. అయితే గుంత మనకొస్తాది" అన్నాడు. అమ్మను పిలిచి మళ్ళీ అదే చెప్పాడు. 

ఏడాది పైన గడిచింది. మద్రాసులో మన వాళ్ళ మంత్రివర్గం వచ్చింది. ఖద్దరు కట్టినవాళ్ళు అధికారంలోకి వచ్చారు, ఇక మన అర్జీ మన వాళ్ళే చదువుతారని నాయన ఆశ రెట్టింపయింది. మన వాళ్ళు చదివారు. జవాబు ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక, చర్చి ముందు జనమంతా ఉన్నప్పుడు వచ్చింది. దానికి పండితుడి నివేదికలో రెండు అచ్చు పేజీలు కూడా జతపరచి ఉన్నాయి. నన్ను చదివి తెలుగులో చెప్పమన్నారు. మా పాస్టరుగారు నా భుజం పక్కనే నిలబడి కాగితంలోకి చూస్తున్నాడు. ఆయనకు ఇంగ్లీషు బాగా వచ్చు. దాటెయ్యడానికి వీల్లేదు.

అర్జీ కొట్టేశారు. ఈ జనం కులం దాటి సంఘంగా మెలిగే దశకు ఇంకా రాలేదని, కలిసి పనిచేసే అలవాటు వీళ్ళలో మచ్చుకైనా కనిపించలేదని రాశారు. పేరుకు క్రైస్తవులైనా రాళ్ళకు స్నానాలు చేయించి, బట్టలు కప్పి, తట్టి లేపి పూజిస్తున్నారని నివేదిక చెబుతోంది. ఇలాంటివాళ్ళను ముందు విద్యతో మేల్కొలిపి జాతిలో భాగం చెయ్యాలి. అంతవరకు కొత్త గుంత ఆధునిక పద్ధతులు తెలిసిన ఒక పెద్దమనిషికి అప్పగిస్తున్నారు. ఆయన ఖద్దరు కడతాడు, జైలుకు పోయివచ్చాడు. జైలుకు పోయినందుకు నేను ఆయన్ను ఇప్పటికీ తప్పు పట్టను. రాయి గురించి ఆయనకు ఏం తెలుసని ఎవరూ అడగలేదు, అంతే.

నివేదిక చివర్లో పండితుడు నా గురించి రాసిన వాక్యాలు రెండున్నాయి. వాటినీ చదివాను. రాతిపూజ విషయాన్ని నా దుబాసీ ధ్రువపరిచాడు. అతడు విద్యావంతుడు, ఈ పనివాళ్ళతో ఏ సంబంధమూ లేనివాడు, వీళ్ళను సంస్కరించడానికి ఎన్నోసార్లు ప్రయత్నించినవాడు.

ముందు వరసలో కూర్చున్న ముసలామె, మా పేటకంతా పెద్దమ్మ, తల ఎత్తింది. "రాతికి తానం జేయిస్తున్నామని ఎవురు జెప్పినారు నాయనా?" అంది. ఆమె నన్నే అడిగింది.

నేను కాగితం మడతపెట్టాను. నాయన లేచి పంచె దులుపుకున్నాడు.

"పంతులుగారు చెప్పినాడులేమ్మా" అన్నాడు. "ఆయనకు ఈ పని తెలీదు గదా."

కోపంగా అనలేదు. నా తరఫున క్షమాపణ అడుగుతున్నట్టు అన్నాడు. ఇంటికి వెళ్ళాక అమ్మతో, "పంతులుగారొచ్చినాడు, చాప ఎయ్యి" అన్నాడు. అమ్మ నవ్వబోయి, ఆయన ముఖం చూసి, చాప వేసింది.

చాలా ఏళ్ళ తరవాత బడి పని మీద గిద్దలూరు పోయినప్పుడు, ఒక బంగళా అలమరలో పాత కాలపు తెల్ల ఉద్యోగి ఒకడు మా సీమ గురించి రాసిన పుస్తకం కంటపడింది. మా పండితుడి వాక్యాలు అందులో ఇంచుమించు అన్నీ ఉన్నాయి. తెల్లవాడు 'వీళ్ళు' అన్న చోటల్లా మా పండితుడు 'మనం' అని దిద్దుకున్నాడు. ఆ 'మనం'లో ఆయన ఉన్నాడు, ఆయనకు నెయ్యి పోసిన రైతు ఉన్నాడు, నాలాంటి బూట్లవాళ్ళకు ఒక మూల చోటుంది. కడవలతో నిలబడ్డవాళ్ళు మాత్రం పాత చోటే నిలబడి ఉన్నారు. స్వరాజ్యం అనే మాట వింటే జనం ఒళ్ళు పులకరించే రోజుల్లో నాకు ఒళ్ళు మండేది ఇందుకే. నన్ను చాలామంది తెల్లవాళ్ళ తొత్తు అన్నారు. అననీ. తొత్తు పని ఎలా ఉంటుందో నాకు వాళ్ళకంటే బాగా తెలుసు.

జవాబు వచ్చిన కొన్నాళ్ళకే, గుంత దక్కించుకున్న పెద్దమనిషి తరఫున మేనేజరు వచ్చాడు. నివేదిక చదివి మరీ వచ్చాడు. మూఢాచారానికి నీళ్ళు వృథా చెయ్యవద్దని మొదటి రోజే ఆజ్ఞ వేశాడు. నాయన చేతులు కట్టుకుని, "ఆరితే చీలదు అయ్యా, పొర మూసుకుంటాది" అని చెప్పి చూశాడు. విద్యతో మేల్కొలపవలసిన మనిషి మాట మేనేజరు ఎందుకు వింటాడు? ఎండకు బండలన్నీ ఆరిపోయాయి. ఉలి పెడితే చాలు, పెంకులు. గుంత పక్కన పెంకుల దిబ్బ లేచింది. అది ఇప్పటికీ ఉంది. సోమరితనంతో చెడగొడుతున్నారని మేనేజరు కొందరిని పనిలోంచి తీసేశాడు కూడా.

ఎక్కడో తెల్లవాళ్ళ దేశంలో పలకరాయి పని ఎలా చేస్తారో తెలిపే పుస్తకం ఒకటి ఆ వేసవిలో ఆయన చేతికి అందింది. రాతిని తడిగా ఉంచాలని అందులో ఉందట. మేనేజరు పరమానందంతో బడికి వచ్చాడు. పనివాళ్ళకు కొత్త శాస్త్రీయ పద్ధతి నేర్పుతున్నామని, గుంత దగ్గర తెలుగులో ఒక బోర్డు రాసిపెట్టమని నన్ను అడిగాడు. అది మీకు వాళ్ళే చెప్పారు కదా అనాలని నోటిదాకా వచ్చింది. అనలేదు. నా బతుకంతా అనలేకపోయిన మాటలే.

చెక్కకు నల్లరంగు వేసి తెల్ల అక్షరాలు రాశాను. తీసిన బండలను నీడయందుంచి, తడిగోనెతో కప్పి, దినమునకు రెండు పర్యాయములు నీరు పోయవలెను. గుంత దగ్గర గుంజకు కట్టి కిందికి దిగేసరికి నాయన వచ్చి నిలబడి ఉన్నాడు. వెనకాల ఆడవాళ్ళు, ఖాళీ కడవలతో.

"పంతులుగారూ, మాకు చదువు రాదు" అన్నాడు. "రాతికి నీళ్ళు ఎట్ల పొయ్యాలో రాసినారంట గదా. చదివి చెప్పండి."

ఎగతాళి చేస్తున్నాడేమోనని ముఖంలోకి చూశాను. చేస్తే బాగుండునని ఆశపడ్డాను. చెయ్యడం లేదు. రైతు బావి దగ్గర నిలబడినట్టే, రెండు చేతులూ కట్టుకుని నిలబడ్డాడు.

నాకు ఆ పని నేర్పిన మనిషికి, పక్కన మేనేజరు చూస్తుండగా, మొదటి నుంచి చివరి దాకా చదివి చెప్పాను.